మార్చిలో చేయాల్సిన బేరం ఆగస్టులో: కౌబాయ్స్ 2025 ఆఫ్‌సీజన్

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రెండేళ్ల క్రితం టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కో వచ్చారు, ఆఫీసులో అందరూ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే డల్లాస్ కౌబాయ్స్ టీమ్ గురించే మాట్లాడుతుంటే మీరూ చూడటం మొదలుపెట్టారు. డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే టీమ్‌కి ఇచ్చేసినప్పుడు పిచ్చి పని అని తిట్టినవాళ్లే, డిసెంబర్‌లో అతని మోకాలు దెబ్బతినగానే టీమ్ యజమాని గురించి "జెర్రీ జోన్స్ చేసిందే కరెక్ట్" అంటున్నారు. ఇందులో ఏది నిజం, 2026 ఆఫ్‌సీజన్‌లో (ఆటలు లేని నెలల్లో) మీరు దేన్ని గమనించాలి?

నేను 2004లో అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో దిగాను. అప్పట్లో కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ అక్కడే ఉండేది. మా అపార్ట్‌మెంట్ నుంచి పాల కోసం నడిచి వెళ్తుంటే ఆటగాళ్ల కార్లు పక్క నుంచి వెళ్లేవి. 2016లో వాళ్లు ఫ్రిస్కోకి మారారు, తర్వాత రెండేళ్లకు మేమూ మారాం. ఇరవై ఏళ్లకు పైగా ఈ టీమ్ ప్రతి మార్చిలో, ప్రతి ఆగస్టులో ఏం చేస్తుందో చూస్తూ వచ్చాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. ఇది 2026 జనవరిలో రాస్తున్నాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు మోకాలి సంగతి. 2025 డిసెంబర్ 14న డెన్వర్‌లో పార్సన్స్ మోకాలి లిగమెంట్, ఏసీఎల్, తెగింది. అప్పటికి గ్రీన్ బే తరఫున 12.5 శాక్స్ (అవతలి క్వార్టర్‌బ్యాక్‌ను, అంటే బంతి విసిరేవాడిని, విసరకముందే పడగొట్టడం) చేసి ఉన్నాడు. ఆ దెబ్బతో మనం చేసిన పని ఒప్పైపోదు. ఆగస్టులో నిర్ణయం తీసుకున్నవాళ్లకు డిసెంబర్‌లో ఏం జరుగుతుందో తెలియదు. ఒక నిర్ణయం మంచిదా చెడ్డదా అనేది ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతోనే తూచాలి. పైగా 26 ఏళ్ల కుర్రాడు మోకాలు పట్టుకుని పడిపోతే మనకు లెక్క కుదిరిందని సంతోషించడం నా వల్ల కాదు. నాలుగేళ్లు మన కోసం ఆడినవాడు.

ఇక అసలు విషయం. పార్సన్స్‌ను ఇవ్వడం తప్పు అని నేను అనను. ఎప్పుడు ఇచ్చామన్నదే నా బాధంతా. 2025 ఆగస్టు 28న, సీజన్ మొదటి ఆటకు సరిగ్గా వారం ముందు ఇచ్చాం.

2021 డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజ్ ఆటగాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట, పార్సన్స్ మనకు 12వ పిక్‌గా (వంతుగా) వచ్చాడు. నాలుగు సీజన్లలో 52.5 శాక్స్, ఏ ఏడాదీ 12కి తగ్గలేదు. లీగ్ నిబంధనల ప్రకారం మూడు సీజన్లు పూర్తయ్యాక, అంటే 2024 మొదట్లోనే, అతనితో కొత్త కాంట్రాక్ట్ మాట్లాడుకోవచ్చు. అప్పటికి పాస్ రషర్లలో (క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లలో) అత్యధిక జీతం శాన్ ఫ్రాన్సిస్కోలో నిక్ బోసాది, ఏడాదికి 34 మిలియన్ డాలర్లు. మనం ఆగాం. 2025 మార్చిలో మాక్స్ క్రాస్బీ 35.5కి సంతకం చేశాడు. అదే నెలలో మైల్స్ గారెట్ 40 తీసుకున్నాడు. జులైలో టీజే వాట్ 41. చివరికి ఆగస్టులో గ్రీన్ బే పార్సన్స్‌కి ఇచ్చింది ఏడాదికి 47, నాలుగేళ్లకు 188 మిలియన్లు. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి అంత జీతం అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. బోసా రేటుకీ ఈ రేటుకీ తేడా ఏడాదికి 13 మిలియన్లు. ఆ డబ్బుతో అవతలి రిసీవర్లను (బంతి పట్టేవాళ్లను) కాచే ఒక మంచి కార్నర్‌బ్యాక్ వస్తాడు.

ఇది మొదటిసారి అయితే పోన్లే అనుకునేవాడిని. 2024లో మన రిసీవర్ సీడీ లాంబ్ విషయంలోనూ ఇదే జరిగింది. ఏప్రిల్‌లో వేరే టీమ్‌ల రిసీవర్లు అమాన్-రా సెయింట్ బ్రౌన్ 30కి, ఏజే బ్రౌన్ 32కి సంతకాలు చేశారు. జూన్‌లో జస్టిన్ జెఫర్సన్ 35 తీసుకున్నాడు. ఆ తర్వాత ఆగస్టు చివర్లో లాంబ్‌కి మనం 34 ఇచ్చాం. ట్రైనింగ్ క్యాంప్ మొత్తం అతను బయటే ఉన్నాడు. మన క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌దైతే మరీ అన్యాయం. 2024 మొదటి ఆట క్లీవ్‌లాండ్‌లో. ఆ రోజు పొద్దున, ఆటకు కొన్ని గంటల ముందు, నాలుగేళ్లకు 240 మిలియన్ల కాంట్రాక్ట్ ప్రకటించారు. ఏడాదికి 60 మిలియన్లు అందుకున్న తొలి ఆటగాడు డాక్. మన పెద్దవాళ్లు ఆలస్యం అమృతం విషం అంటారు, అది రెండు వేసవులు వరసగా కళ్లారా చూశాను.

అవతల ఫిలడెల్ఫియా వాళ్లను చూడండి. వాళ్ల మీద నాకు ప్రేమేమీ లేదు. కానీ జేలెన్ హర్ట్స్‌తో 2023 ఏప్రిల్‌లోనే, డెవాంటా స్మిత్‌తో, ఏజే బ్రౌన్‌తో 2024 ఏప్రిల్‌లోనే పని పూర్తి చేసుకున్నారు. మార్కెట్ పెరిగేసరికి వాళ్ల ఆటగాళ్ల జీతాలు చవకగా కనిపించాయి. మిగిలిన డబ్బుతో మిగతా జట్టు కట్టుకున్నారు. 2025 ఫిబ్రవరిలో కాన్సస్ సిటీని 40-22తో ఓడించి లీగ్ టైటిల్, సూపర్ బౌల్, పట్టుకెళ్లారు. మనకు చివరి సూపర్ బౌల్ 1996 జనవరిలో వచ్చింది. అంటే సరిగ్గా ముప్పై ఏళ్లు.

ఒక మాట జెర్రీ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. తొందరగా సంతకం చేస్తే నష్టపోయే ప్రమాదం ఉంది, మనం నష్టపోయాం కూడా. మన కార్నర్‌బ్యాక్ ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 ఇంటర్‌సెప్షన్లు (అవతలివాళ్లు విసిరిన బంతిని పట్టేయడం) చేశాడు. 2023 జులైలో అతనికి ఐదేళ్లకు 97 మిలియన్ల కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆ సెప్టెంబర్‌లోనే ప్రాక్టీస్‌లో అతని ఏసీఎల్ తెగింది. ఆ తర్వాత మునుపటి డిగ్స్‌ని మళ్లీ చూడలేదు. 2025 డిసెంబర్ చివర్లో వదిలేశారు. కాబట్టి ఆగి చూడాలన్న భయం ఉత్తిదే అనను. కానీ ఒక జబ్బుపడ్డ కాంట్రాక్ట్ చూసి భయపడి, మంచి ఆటగాళ్లందరి దగ్గరా ఆగితే ప్రతిసారీ వడ్డీ కట్టాల్సి వస్తుంది.

ఇప్పుడు క్యాప్, అంటే జీతాల హద్దు గురించి. మీలాంటి కొత్తవాళ్లు చాలామంది "జెర్రీ దగ్గర డబ్బు లేదా?" అని అడుగుతారు. డబ్బుకు లోటు లేదు. ప్రతి టీమ్ ఒక ఏడాదిలో ఆటగాళ్ల మీద చూపించగల ఖర్చుకి లీగ్ ఒక హద్దు పెడుతుంది. 2025లో అది 279.2 మిలియన్లు. ఆ హద్దులో ఇమడాలంటే ఒక ఆటగాడి ఆ ఏడాది జీతాన్ని బోనస్‌గా మార్చి చేతికి ఇచ్చేస్తారు, లెక్కలో మాత్రం ఐదేళ్ల వరకూ పరుస్తారు. మన ఇళ్లలో ఫ్రిజ్ ఈఎంఐలో కొన్నట్టు. 2025 మార్చిలో డాక్, లాంబ్ కాంట్రాక్టులను ఇలాగే మార్చి దాదాపు 56 మిలియన్ల చోటు చేసుకున్నారు. ఆ వాయిదాలు రేపటి ఏడాదుల మీద పడతాయి. అంటే డాక్ కాంట్రాక్ట్‌ని ముందుకు నెట్టిన టీమ్ ఇప్పుడే గెలవాలి. అది నిదానంగా జట్టు కట్టుకునే టీమ్ కాదు.

జెర్రీ పదేపదే చెప్పే హెర్షెల్ వాకర్ పోలిక నాకు మింగుడుపడనిది ఇక్కడే. 1989 అక్టోబర్‌లో వాకర్‌ను మినెసోటాకి ఇచ్చి బోలెడు డ్రాఫ్ట్ పిక్స్ తెచ్చుకున్నారు. వాటిని అటూ ఇటూ మార్చి ఎమ్మిట్ స్మిత్‌ను, డారెన్ వుడ్సన్‌ను పట్టుకున్నారు. నిజమే, తొంభైల సూపర్ బౌల్స్‌కి పునాది అదే. కానీ ఆ ఏడాది మన టీమ్ 1-15, ఒక్క గెలుపు, పదిహేను ఓటములు. పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. కోచ్ జిమ్మీ జాన్సన్ చేతిలో కాలం ఉంది. 2025లో మన క్వార్టర్‌బ్యాక్‌కి 32 ఏళ్లు, ఏడాదికి 60 మిలియన్లు. వీళ్ల చేతిలో కాలం ఏది?

సరే, ఆగస్టు అంటే ఎందుకు అంత బాధ? 2025 మార్చి నుంచి వరసగా చూడండి. డిమార్కస్ లారెన్స్ 11 సీజన్ల తర్వాత సియాటెల్ వెళ్లిపోయాడు. పోతూ పోతూ డల్లాస్‌లో ఉంటే తనకు సూపర్ బౌల్ రాదని బాహాటంగా అన్నాడు, పార్సన్స్ అతనికి గట్టిగా బదులిచ్చాడు. చాన్సీ గోల్స్టన్ జెయింట్స్‌కి పోయాడు. ఇద్దరూ లైన్ అంచున ఆడుతూ క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లే. వాళ్లను పోనిచ్చింది పార్సన్స్ ఉన్నాడన్న ధైర్యంతోనే కదా. ఆ స్థానాల కోసం డాంటె ఫౌలర్‌ను వెనక్కి తెచ్చారు, డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో బోస్టన్ కాలేజ్ కుర్రాడు డోనోవన్ ఎజెరువాకును తీసుకున్నారు. ఇదంతా పార్సన్స్ చుట్టూ అల్లిన ప్లాన్. అన్నీ అల్లాక మధ్య దారం లాగేశారు. అప్పటికి ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయిన ఆటగాళ్లను తెచ్చుకునే కాలం) అయిపోయింది, డ్రాఫ్ట్ అయిపోయింది, క్యాంప్ అయిపోయింది. పార్సన్స్‌కి బదులుగా వచ్చిన రెండు మొదటి రౌండ్ పిక్స్ 2026వి, 2027వి. 2025లో ఆ పిక్స్ ఏ ఆటా ఆడవు. ఆ బేరంలో వచ్చి ఆడేవాడు ఒక్కడే, కెన్నీ క్లార్క్. మంచి ఆటగాడే, మూడుసార్లు లీగ్ మేటి ఆటగాళ్ల ప్రో బౌల్‌కి వెళ్లినవాడు, కానీ లైన్ మధ్యలో ఆడతాడు.

అదే మార్చిలో అమ్మి ఉంటే? బేరం ఇంకా బాగా కుదిరేది, ఎందుకంటే అందరి దగ్గరా క్యాప్‌లో చోటు ఉండేది. 2025 డ్రాఫ్ట్‌లోనే ఒక పాస్ రషర్‌ని తెచ్చుకునేవాళ్లం. లారెన్స్‌ను ఉంచుకోవాలా అని కనీసం ఆలోచించేవాళ్లం. కొత్త డిఫెన్స్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్ తన చేతిలో ఎవరున్నారో తెలుసుకుని ఆరు నెలలు పని చేసేవాడు. బదులుగా ఆ మార్చిలో జెర్రీ తనే పార్సన్స్‌తో కూర్చుని మాట్లాడి, బేరం అయిపోయిందనుకున్నాడు. పార్సన్స్ మాత్రం అది కాంట్రాక్ట్ చర్చే కాదన్నాడు, తన ఏజెంట్ డేవిడ్ ములుగెటాతో మాట్లాడమన్నాడు. జెర్రీ మాట్లాడనన్నాడు. ఆగస్టు 1న పార్సన్స్ నన్ను పంపేయండని బహిరంగంగా రాశాడు. ఐదు నెలలు ఇలా గడిచిపోయాయి. ఇద్దరికీ పట్టుదలే, కానీ టీమ్ యజమాని, జనరల్ మేనేజర్ రెండూ జెర్రీయే కాబట్టి బాధ్యత అతనిదే అంటాను.

పార్సన్స్‌ను ఇచ్చేసిన రోజు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. అది వినాయక చవితి వారం. గురువారం, ఇంటి నుంచే పని చేస్తున్నాను. మధ్యాహ్నం మీటింగ్‌లో ఉండగా ఫోన్ వరసగా మోగింది, స్కూల్ నుంచేమో అని టెన్షన్ పడి చూశాను. మీటింగ్‌లోనే కెమెరా ఆపేశాను. సాయంత్రం మావాడు బస్సు దిగి వచ్చాడు, స్కూల్లోనే తెలిసిపోయిందట. పదకొండో నంబర్ జెర్సీ వేసుకునే వెళ్లాడు ఆ రోజు. ఏమీ మాట్లాడకుండా జెర్సీ విప్పి, మడత పెట్టి, దేవుడి గది పక్కనున్న అల్మారాలో అడుగున పెట్టాడు. వాళ్లమ్మ ఉండ్రాళ్లు పెడితే వద్దన్నాడు. పదేళ్ల పిల్లవాడు "మనవాళ్లే ఎందుకు పంపించారు నాన్నా, వేరేవాళ్లు తీసుకెళ్లారా?" అని అడిగితే క్యాప్ లెక్క ఏం చెబుతాం?

సరిగ్గా నెలకి, సెప్టెంబర్ 28న, గ్రీన్ బే మన ఊరికే వచ్చింది. టికెట్ ఖరీదైనా వాడిని తీసుకుని ఆర్లింగ్టన్ వెళ్లాను. పై వరసల్లో కూర్చున్నాం. ఆకుపచ్చ బట్టల్లో ఒకటో నంబర్ వేసుకుని పార్సన్స్ బయటికి వస్తుంటే స్టేడియంలో సగం మంది చప్పట్లు, సగం మంది అరుపులు. లాంబ్ చీలమండ నొప్పితో ఆడలేదు. కొత్త రిసీవర్ జార్జ్ పికెన్స్ రెండు టచ్‌డౌన్లు పట్టాడు, 134 యార్డులు. మన అఫెన్స్ ఆ రోజు కొట్టినట్టు నేను చాలా ఏళ్లుగా చూడలేదు. అయినా ఎంత కొట్టినా అవతలివాళ్లు అంతా తిరిగి కొడుతున్నారు, ఆపేవాడు లేడు. ఓవర్‌టైమ్‌లో గోల్ లైన్ దగ్గర డాక్ పక్కకు పరిగెడుతుంటే, పార్సన్స్ వెనక నుంచి వచ్చి పట్టేశాడు. టచ్‌డౌన్ పోయి, తక్కువ పాయింట్లు వచ్చే ఫీల్డ్ గోల్‌తో సరిపెట్టుకున్నాం. చివరికి 40-40. ఎవరూ గెలవలేదు. తిరిగి వస్తుంటే మావాడు కారులో నిద్రపోయాడు. నేను టోల్‌వే మీద ఆ ఒక్క ఆట గురించే ఆలోచిస్తూ వచ్చాను: మనకు కావాల్సిన ఆటగాడు అక్కడే ఉన్నాడు, అవతలి బట్టల్లో.

సీజన్ 7-9-1తో, అంటే ఏడు గెలుపులు, తొమ్మిది ఓటములు, ఒక టైతో ముగిసింది. పాయింట్లు సమర్పించుకోవడంలో మన డిఫెన్స్ లీగ్‌లో అట్టడుగున నిలిచింది. ఎబర్‌ఫ్లూస్‌ని 2026 జనవరి మొదటి వారంలో తీసేశారు. అంతకు ముందు, నవంబర్ 4న, మళ్లీ జెర్రీ బేరానికి దిగి, న్యూయార్క్ జెట్స్ నుంచి క్విన్నెన్ విలియమ్స్‌ను తెచ్చాడు. అందుకు 2027లో మనకున్న రెండు మొదటి రౌండ్ పిక్స్‌లో ఒకటి, 2026 రెండో రౌండ్ పిక్, మాజి స్మిత్ అనే ఆటగాడిని ఇచ్చాడు. విలియమ్స్ వచ్చాక రైడర్స్‌ను, 21-0తో వెనకబడి కూడా ఫిలడెల్ఫియాను, థాంక్స్‌గివింగ్ రోజు కాన్సస్ సిటీని ఓడించాం. ఆ మూడు ఆటలూ మా వీధిలో పండగలా గడిచాయి. అయితే విలియమ్స్‌ను తెచ్చిన వారంలోనే మార్షాన్ నీలాండ్ చనిపోయాడు, 24 ఏళ్ల కుర్రాడు, మన పాస్ రషర్. ఆ తర్వాత ఆ డ్రెస్సింగ్ రూమ్‌లోంచి బయటికి వచ్చి ఆడినవాళ్లను ట్రేడ్ లెక్కలతో మాత్రమే తూచడం నాకు ఇష్టం లేదు.

ఇక మిగతా మార్పులు త్వరగా. జాక్ మార్టిన్ రిటైర్ అయ్యాడు. ఆయన కెరీర్ మొత్తంలో హోల్డింగ్ (అవతలివాడిని పట్టి ఆపే) ఫౌల్స్ కన్నా ప్రో బౌల్ ఎంపికలే ఎక్కువ, క్వార్టర్‌బ్యాక్‌ను కాచే అలాంటి గార్డ్ మళ్లీ రాడు. ఆయన చోటికి డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో అలబామా నుంచి టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. టీవీలో కనిపించే పని కాదు కాబట్టి చాలామంది పెదవి విరిచారు, నాకు మాత్రం ఆ రోజే నచ్చింది. బంతి పట్టుకుని పరిగెత్తే రికో డౌడల్‌ను కరోలైనాకి పోనిచ్చి, జవాంటె విలియమ్స్‌ను ఏడాదికి 3 మిలియన్లకు తెచ్చారు. అక్టోబర్‌లో డౌడల్ మన మీదే 183 యార్డులు పరిగెత్తాడు, ఆ ఆదివారం అన్నం సహించలేదు. అయినా ఆ నిర్ణయం తప్పనను. జవాంటె విలియమ్స్ సీజన్‌లో 1,200 యార్డులు పరిగెత్తాడు, అంత తక్కువ డబ్బుకి అంతకన్నా ఏం కావాలి. డిఫెన్స్ కోసం బఫలో నుంచి కయీర్ ఎలమ్‌ను, టెనెస్సీ నుంచి కెన్నెత్ మర్రీని తెచ్చారు: రెండూ పనికి రాలేదు. కార్నర్‌బ్యాక్ జోర్డన్ లూయిస్‌ను జాక్సన్‌విల్‌కి పోనివ్వడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, కానీ మధ్యలో తిరిగే రిసీవర్లను పట్టుకునేవాడు లేక ప్రతి వారం మనం చెల్లించిన మూల్యం నా దృష్టిలో చాలా పెద్దది.

అన్నిటికన్నా మంచి బేరం పికెన్స్. మే నెలలో పిట్స్‌బర్గ్‌కి 2026 మూడో రౌండ్ పిక్, 2027 ఐదో రౌండ్ పిక్ ఇచ్చి తెచ్చారు, వాళ్ల ఆరో రౌండ్ పిక్ మనకు వచ్చింది. కోపిష్ఠి, మనసు పెట్టి ఆడడు అన్నారు. 1,400 యార్డులు దాటాడు. లాంబ్‌ని ఇద్దరు చుట్టుముట్టే రోజులు పోయాయి. డాక్ 4,500 యార్డులు దాటడానికి సగం కారణం ఇతనే. ఇందుకు జెర్రీని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇప్పుడు మీరు దేన్ని గమనించాలో అర్థమయ్యే ఉంటుంది. పికెన్స్ కాంట్రాక్ట్ 2026 మార్చితో అయిపోతుంది. అతని ఏజెంట్ ఎవరో తెలుసా? అదే డేవిడ్ ములుగెటా. మార్చి మొదటి వారంలోపు ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి ఒక ఏడాదికి ఆపవచ్చు. దాన్ని నేను తప్పుపట్టను, కాకపోతే ఆ డబ్బంతా ఒకే ఏడాది క్యాప్ మీద పడుతుంది. ట్యాగ్ వేశాక మాటలు కూడా వెంటనే మొదలవ్వాలి. ములుగెటాకి జెర్రీ ఫోన్ చేశాడన్న వార్త ఫిబ్రవరిలో వస్తే గత ఏడాది నుంచి ఏదో నేర్చుకున్నారని నమ్మండి. జూన్ దాకా చప్పుడు లేకపోతే మళ్లీ అదే దారిలో ఉన్నాం.

రెండోది డ్రాఫ్ట్. ఇది రాసేనాటికి 2026లో మనకు రెండు మొదటి రౌండ్ పిక్స్ ఉన్నాయి, కానీ రెండో రౌండ్, మూడో రౌండ్ పిక్స్ లేవు. అందుకని ఆ రెండింట్లో ఒకదాన్ని వెనక్కి జరిగి రెండు పిక్స్‌గా మార్చుకుంటే నాకు సంతోషం. రెండూ వాడితే రెండూ డిఫెన్స్‌కే వాడాలి, ఒకటైనా క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాడై ఉండాలి. కెన్నీ క్లార్క్, క్విన్నెన్ విలియమ్స్, ఒసా ఒడిగిజువా ముగ్గురూ లైన్ మధ్యలో ఆడేవాళ్లే, ముగ్గురి జీతాలూ పెద్దవే. ముగ్గురినీ ఉంచుకుంటే అంచుల్లో ఖర్చు పెట్టడానికి మిగలదు. ఒకరిని వదులుకోవాల్సి వస్తుందని నా అంచనా. అది కూడా మార్చిలోనే చేయాలి.

కొత్త డిఫెన్స్ కోచ్ ఎవరొస్తారన్నది ఇది రాసే 2026 జనవరి నాటికి తేలలేదు. ఎవరొచ్చినా, అతను ఫ్రీ ఏజెన్సీకి ముందే వచ్చి తనకు ఎలాంటి ఆటగాళ్లు కావాలో చెప్పగలగాలి. ఎబర్‌ఫ్లూస్‌కి ఆ అవకాశం నిజంగా దక్కలేదు, పార్సన్స్ ఉంటాడో లేదో తెలియకుండానే క్యాంప్ నడిపాడు. లారెన్స్ వెళ్లిన సియాటెల్ వాళ్లు 2026 జనవరిలో ఎన్ఎఫ్‌సీలో (లీగ్‌లో సగం టీమ్‌ల విభాగం) మొదటి స్థానంతో ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ ఆటలకు) చేరారు. అది టీవీలో చూడటం కష్టంగా ఉంది.

మీరు ఫ్రిస్కోలోనే ఉంటే, ఏప్రిల్‌లో డ్రాఫ్ట్ రోజున మా ఇంటికి రండి, ఏటా పది పన్నెండు కుటుంబాలు చేరతాం. మావాడు ఈమధ్య పికెన్స్ మూడో నంబర్ జెర్సీ కావాలని అడుగుతున్నాడు. మార్చి దాటనివ్వు, కొందాం అన్నాను. వాడు వంటింట్లో క్యాలెండర్ మీద మార్చి మొదటి వారానికి పెన్సిల్‌తో గుండ్రం చుట్టాడు.